మీకేం కాదు

జగదల్‌పూర్
జూలై 14

భవానీ,

అయిదు రోజులుగా నీ ఫోన్ ఎత్తడం లేదని నా మీద కోపంగా ఉంటావు. కోపంగానే ఉండు, కానీ ఈ కాగితం చివరిదాకా చదువు.

గురువారం నువ్వు నాకు ముప్పై ఒక్కసార్లు ఫోన్ చేశావు. లెక్కపెట్టింది నేను కాదు, మీ అన్నయ్య. అప్పుడు నేను ల్యాబులో ఒక ముసలాయన చేతికి సూది గుచ్చి ఉన్నాను. జేబులో ఫోను ఆగకుండా వణుకుతుంటే నా చెయ్యి కదిలింది. ఆయన చెయ్యి మోచేతి దాకా కమిలిపోయింది. ఆ సాయంత్రమే నేనూ మీ అన్నయ్యా నీకు వైద్యం చేసే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాం. నీకు చెప్పకుండా వెళ్లాం, ఏమీ అనుకోకు.

ఆయన చెప్పింది ఇది. నాలుక మీద మచ్చ, మెడలో గడ్డ, గుండె దడ, నువ్వు ఏది అడిగినా నేను "నీకేం కాదు" అంటాను. నీకు పది నిమిషాలు ప్రాణం కుదుటపడుతుంది. పదకొండో నిమిషంలో అనుమానం మళ్లీ వస్తుంది, మళ్లీ ఫోన్ చేస్తావు. నా జవాబే నీకు మత్తుమందు అయిందట. అందుకని నేను జవాబు ఇవ్వకూడదు. అయితే మాట్లాడటమే మానెయ్యమంటారా అని మీ అన్నయ్య అడిగాడు. మానొద్దు, ఉత్తరాలు రాసుకోండి అన్నాడాయన. పోస్టులో వెళ్లి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో అన్ని రోజులూ ఆ అనుమానాన్ని పక్కన పెట్టుకుని కూర్చోవడం నువ్వు నేర్చుకోవాలట. బస్సులో ఇచ్చి పంపితే సాయంత్రానికే చేరుతుంది కనుక బస్సు కూడా వద్దన్నాడు.

జబ్బు గురించి నువ్వు ఏం రాసినా చదువుతాను. వాటికి మాత్రం జవాబు రాయను. మిగతావన్నీ రాస్తాను.

ఇంకొకటి. మీ ఊరి కాంపౌండరు హరిబాబు చేత రక్తం తీయించి బస్సులో నాకు పంపడం ఇక ఆపెయ్యి. సీసా వచ్చినా నేను తీసుకోను.

అత్తయ్యను అడిగానని చెప్పు.

నీ వదిన
సుధామణి


భోపాల్‌పట్నం
జూలై 25

వదినా,

నీ ఉత్తరం తొమ్మిది రోజులకు అందింది. కోపం రాలేదు. మందు మార్చిన దగ్గర్నుంచి నాకు ఏదీ పూర్తిగా రావడం లేదు. కోపం, ఏడుపు, భయం అన్నీ పక్కింట్లో మోగే టీవీలా గోడ అవతలి నుంచి వినిపిస్తాయి. భయం తగ్గిందా అని డాక్టరు ఫోన్‌లో అడిగాడు. తగ్గలేదు, భయపడే మనిషే ఎక్కడికో వెళ్లింది అన్నాను. ఆయన రాసుకుంటున్నట్టున్నాడు.

నా రోజు ఎలా గడుస్తుందో నీకు ముక్కలుగానే తెలుసు. ఇప్పుడు వరసగా రాస్తాను. పొద్దున లేవగానే కిటికీ దగ్గర నిలబడి నాలుకను ఫొటో తీసుకుంటాను. నిన్నటి ఫొటో పక్కన పెట్టి చూస్తాను. అలాంటివి ఫోన్‌లో ఏడు వందలు దాటాయి. తరువాత మెడను రెండువైపులా పదేసి సార్లు నొక్కుకుంటాను. మధ్యలో అమ్మ పిలిచి లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి. నొక్కీ నొక్కీ మెడ వాచింది. వాచింది కాబట్టి మళ్లీ నొక్కుతాను. అమ్మ చూసి, ఏందే ఆ మెడ పిసుకుడు, నీ మెడ యాడికి పోతది అంటుంది.

నాది ఇంకా సంతల ఛానలే అని నువ్వు అనుకుంటున్నావు. మూడేళ్ల కిందట అలాగే మొదలుపెట్టాను. ఆవపల్లి సంతకు పోయి కోసి అమ్మే వెదురు కొమ్ములు, ఎర్రచీమల పచ్చడి చూపించేదాన్ని. రెండు మూడు వేల మంది చూసేవాళ్లు. తరువాత నాన్న పోయాడు. కడుపునొప్పి అన్నప్పుడల్లా మన కిరాణా దుకాణంలోంచి గ్యాస్ బిళ్ల తీసి ఇచ్చింది నేనే. నాలుగు నెలలు ఇచ్చాను. అది గ్యాస్ కాదు. ఆయన పోయాక ఒకరోజు కెమెరా ముందు కూర్చుని, నాలో కూడా ఏదో జబ్బు ఉందని భయంగా ఉంది అని చెప్పి ఏడ్చాను. నాలుగు లక్షల మంది చూశారు. ఆ తరువాత వెదురు కొమ్ములు ఎవరికి కావాలి? నువ్వు పంపిన రిపోర్టు కెమెరాకు ఎత్తి పట్టుకుని, చూడండి, ఈసారి కూడా అన్నీ మామూలుగానే ఉన్నాయి అంటాను. కింద కామెంట్లలో వందల మంది తమ జబ్బులు రాస్తారు. చదివిన ప్రతిసారీ చేతులు కడుక్కుంటాను. ఫోన్ అద్దం మీదుగా జబ్బు వేళ్లకు అంటుకోదని నాకు తెలుసు. తెలిసే కడుక్కుంటాను.

ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. చదవకు.

సీసాలు పంపొద్దన్నావు కాబట్టి పంపను.

భవాని


జగదల్‌పూర్
ఆగస్టు 4

భవానీ,

నువ్వు కొట్టేసిన వాక్యాన్ని వెలుగుకు పట్టి చదివాను. జవాబు లేదు. రాయకుండా ఉండటానికి పెన్ను పక్కన పెట్టి, వెళ్లి అన్నం వార్చి వచ్చాను. అలవాటు నాకూ పోవాలి కదా.

ఇక్కడ ఎడతెగని వాన. మీ అన్నయ్య దుకాణంలోకి నీళ్లు వస్తాయేమోనని సిమెంటు బస్తాలన్నీ అటక మీదికి ఎక్కించాడు. ల్యాబులో జ్వరాల రద్దీ. పొద్దుటి నుంచి మలేరియా స్లైడులు చూసీ చూసీ కళ్లు మూసుకున్నా అవే కనిపిస్తున్నాయి.

మామయ్య గురించి రాశావు. ఆ నాలుగు నెలల్లో నేను రెండుసార్లు ఇంటికి వచ్చాను. ఆయన సన్నబడటం చూశాను. ల్యాబులో పనిచేసేదాన్ని అయ్యుండి, ఒక పరీక్ష చేద్దాం మామయ్యా అని నా నోట రాలేదు. బిళ్ల ఇచ్చింది నువ్వైతే, చూసి ఊరుకున్నది నేను. అందుకే తరువాత నువ్వు ఎన్ని సీసాలు పంపినా వద్దనలేకపోయాను.

ఒక్కటి అడుగుతాను. రిపోర్టులు చూపించే వీడియోలు తీసెయ్యి. వాటిలో మా ల్యాబు పేరు కనిపిస్తోంది. మా యజమానికి నచ్చడం లేదు.

సుధామణి


భోపాల్‌పట్నం
ఆగస్టు 16

వదినా,

వీడియోలు తీసెయ్యలేదు. తీసెయ్యడం మొదలుపెడితే ఏది తీశాను, ఏది మిగిలింది అని మళ్లీ మళ్లీ చూసుకోవడం మొదలవుతుందని డాక్టరు వద్దన్నాడు. అది ఒక కారణం. అవి తీసేస్తే నా ఛానల్‌లో ఏమీ మిగలదు, అది రెండోది.

మొన్న మార్చి వీడియో కింద ఒక పెద్దాయన కామెంట్ పెట్టాడు. మరైగూడలో ఉంటాడట, లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడట. "అమ్మాయీ, ఫిబ్రవరి తొమ్మిదిన చూపిన రిపోర్టులోనూ, మార్చి ఇరవై రెండున చూపిన రిపోర్టులోనూ పదహారు వరసల్లో ఒక్క అంకె కూడా తేడా లేదు, గమనించావా?" అని రాశాడు.

నేను గమనించలేదు. ఈ ఏడాది రిపోర్టులన్నీ తీసి నేల మీద పరిచాను. హిమోగ్లోబిన్ 11.3. తెల్ల కణాలు 7,420. ప్లేట్‌లెట్లు రెండు లక్షల నలభై ఒక్క వేలు. జనవరి నుంచి జూలై వరకు ఏడు కాగితాలు. ఏడింటిలోనూ అవే అంకెలు. తేదీ ఒక్కటే మారింది. ఒక్కో కాగితం వందసార్లు చూసి ఉంటాను వదినా. ఏదైనా తేడా ఉంటే పక్కన పడే నక్షత్రం గుర్తు కోసమే వెతికేదాన్ని. అది లేకపోతే చాలు. అంకెలు ఎప్పుడూ చదవలేదు.

ఇది జబ్బు గురించిన ప్రశ్న కాదు, మిషను గురించిన ప్రశ్న. కాబట్టి నువ్వు జవాబు ఇవ్వొచ్చు. మనిషి రక్తంలో ఏడుసార్లు అవే అంకెలు వస్తాయా?

భవాని


జగదల్‌పూర్
ఆగస్టు 25

భవానీ,

రావు.

జనవరిది నిజం. తరువాతి ఆరూ అబద్ధం. ఆ సీసాలను నేను మిషను దగ్గరికి తీసుకుపోలేదు. జనవరి కాగితాన్ని కంప్యూటర్‌లో తెరిచి, తేదీ మార్చి, అచ్చు తీసి పంపాను.

మొదటిసారి ఎలా జరిగిందో చెప్తాను. ఆ పొద్దున బీజాపూర్ వైపు నుంచి వచ్చిన పదకొండేళ్ల పిల్ల రక్తం చూశాను. చూడగానే అర్థమైంది. మా డాక్టరు వచ్చి చూసి తల ఊపాడు. రక్తంలో కాన్సర్. వాళ్ల నాన్న బయట బెంచీ మీద కూర్చుని పిల్లకు అరటిపండు ఒలిచి పెడుతున్నాడు. మధ్యాహ్నం బస్సులో నీ సీసా వచ్చింది. పైన చీటీ మీద "అన్నీ మళ్లీ" అని నీ చేతిరాత. ఆ క్షణం నువ్వంటే నాకు అసహ్యం వేసింది. అబద్ధం చెప్పను. అలసట అని రాద్దామనుకుని ఈ కాగితం మూడుసార్లు మొదలుపెట్టాను. అలసట కాదు, అసహ్యమే. సీసాను వాడేసిన సూదుల డబ్బాలో పడేసి, తేదీ మార్చిన కాగితాన్ని తిరుగు బస్సుకు ఇచ్చాను.

ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేసి, రిపోర్టు చూశాను వదినా, ప్రాణం లేచి వచ్చింది అన్నావు. అప్పుడు చెప్పాల్సింది. ఏ కాగితం పంపినా నీకు పనిచేస్తుందని తెలిశాక రెండోసారి సులువైంది. మూడోసారి చేతులే చేసేశాయి.

నీకు లోపల ఏదైనా ఉందో లేదో ఈ ఆరు నెలలుగా నాకు తెలియదు. "నీకేం కాదు" అన్న ప్రతిసారీ తెలియకుండానే అన్నాను. ల్యాబులో ఎవరికీ ఇది తెలియదు. మీ అన్నయ్యకూ తెలియదు. వీడియోలు తీసెయ్యమన్నది యజమాని కాదు, నేనే.

సుధామణి


భోపాల్‌పట్నం
అక్టోబర్ 6

వదినా,

నీ ఉత్తరం వచ్చి అయిదు వారాలైంది. చదివి మడిచి, భయం కోసం ఎదురుచూశాను. రాలేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే దించాను. తరువాత చెప్పులు వేసుకుని హరిబాబు దగ్గరికి నడిచాను.

అతను చేతికి రబ్బరు పట్టీ కట్టాడు. నరం తేలింది. సీసా జగదల్‌పూర్‌కేనా అని అడిగాడు. అక్కడ ఆగిపోయాను. వేరే ల్యాబుకు పంపొచ్చు. అక్కడ మిషను ముందు కూర్చునే మనిషి ఆ రోజు ఎలా ఉంటుందో నాకేం తెలుసు? పొద్దున ఏ పిల్ల రక్తం చూసి ఉంటుందో? ఇంకో ల్యాబుకూ పంపి రెండూ పోల్చాలి. ఆ తరువాత మూడోదానికి. సూది చర్మానికి తగిలేలోపే నాకు అదంతా చివరిదాకా కనిపించింది. పట్టీ విప్పెయ్యి అన్నాను. పైసలు లేవా అక్కా, తర్వాత ఇయ్యి అన్నాడు పాపం.

డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడాను. నీ పేరు చెప్పకుండా జరిగింది చెప్పాను. ఇప్పుడు పరీక్ష వద్దు, అందరిలాగే ఏడాదికి ఒక్కసారి, తేదీ నేను పెడతాను అన్నాడు. జనవరి పన్నెండు అన్నాడు. ఈలోపు నిజంగా ఒంట్లో బాగాలేకపోతే ఊళ్లో ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి, వీడియోల్లో వెతకకూడదు. సరే అన్నాను.

కోపం మూడో వారంలో వచ్చింది. గోడ అవతల కాదు, నాలోనే. బియ్యం చెరుగుతూ చెరుగుతూ చాటను గోడకేసి కొట్టాను. అమ్మ వచ్చి కింద కూర్చుని గింజలు ఏరుతూ, ఎవరి మీదనే అని అడిగింది. వదిన మీద అన్నాను. ఎందుకని అడగలేదు. "మంచిదే. రెండేండ్ల సంది నీ మీద నువ్వే పడుతున్నవు" అంది.

ఇప్పుడు నేను నీకు చెప్పాల్సింది ఒకటి ఉంది. అందుకే ఇన్ని రోజులు పట్టింది.

ఆ మాస్టారికి ఏం జవాబు పెట్టాలో తెలియక పాత కామెంట్లు తిరగేశాను. నా జవాబులు కనిపించాయి. "మీకేం కాదు, ధైర్యంగా ఉండండి." ప్రతిచోటా అదే. ఫోన్‌లో "మీ" అని కొడితే చాలు, మిగతా వాక్యం దానంతటదే పడేలా పెట్టుకున్నాను. ఆరు వందల పన్నెండు సార్లు. వాళ్లు రాసింది సగం చదివి, ఒక్కోసారి చదవకుండానే, అది పెట్టి చేతులు కడుక్కోవడానికి పరుగెత్తేదాన్ని. నువ్వు తేదీ అయినా మార్చావు. నేను అదీ చెయ్యలేదు.

అందులో గంగే అని ఒకామె ఉంది. మరైగూడ పక్క పల్లె. డిసెంబరులో రాసింది, తన ఫోన్ నంబరు కూడా పెట్టింది. రొమ్ములో గడ్డ, నొప్పి లేదు, చింతగింజంత ఉండేది ఇప్పుడు నిమ్మకాయంత అయింది, ఏం చెయ్యాలక్కా అని అడిగింది. దాని కింద నా వాక్యం ఉంది. పక్కన ఒక పువ్వు బొమ్మ కూడా పెట్టాను.

ఎనిమిది రోజుల కిందట ఆమె నంబరుకు వాట్సాప్‌లో రాశాను. ఎలా ఉన్నారు, ఆసుపత్రికి వెళ్లారా అని అడిగాను. నేను చూసినప్పుడల్లా ఫోన్‌లో అలాగే ఉంది. ఆమె తెరిచి కూడా చూడలేదు.

అన్నయ్యకు నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సింది నువ్వు.

భవాని


జగదల్‌పూర్
అక్టోబర్ 18

భవానీ,

నీ ఉత్తరం రాకముందే, సెప్టెంబరులోనే మీ అన్నయ్యకు చెప్పాను. అన్నం తింటున్నాడు. ముద్ద కలిపి అలాగే ఉంచి, నా చెల్లెలని కూడా చూడలేదా అన్నాడు. చెల్లెలు కాబట్టే అలా జరిగింది, పరాయి మనిషి సీసా అయితే పడేసేదాన్ని కాదు అన్నాను. ఆ మాటతో ఆయనకు ఇంకా కష్టమైంది. నాలుగు రోజులు అవసరమైన మాటలే మాట్లాడాడు. అయిదో రోజు, డాక్టరు దగ్గరికి మనం వెళ్లినప్పుడే చెప్పి ఉండాల్సింది అన్నాడు. అవును అన్నాను.

తరువాతి సోమవారం యజమాని దగ్గరికి వెళ్లాను. ఆయన అరవలేదు. నేను చేసిన ఏడాది రిపోర్టులన్నీ బయటికి తీయించి, వేరే అతని చేత ఒక్కొక్కటీ మిషను లెక్కతో సరిచూయించాడు. అది పూర్తయ్యేదాకా నన్ను ఇంట్లో ఉండమన్నాడు. నీవి తప్ప వేరే ఏవీ తప్పు లేవు. అది నాకు తెలుసు, కానీ నా మాట మీద ఎవరూ నమ్మకూడదు కదా. ఇప్పుడు మళ్లీ రమ్మన్నాడు, రక్తం తీయడం వరకే. మిషను దగ్గరికి నేను పోకూడదు, సంతకం చెయ్యకూడదు. పద్నాలుగేళ్లుగా కూర్చున్న కుర్చీలో ఇప్పుడు కాంకేర్ నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుంటోంది. జాగ్రత్తగా చేస్తుంది. ఆమె వెనక నుంచి నడిచేటప్పుడు నేను అటు చూడను.

క్షమించమని నిన్ను అడగను. అడిగితే నువ్వు, పర్లేదులే వదినా అనాలి. నీ చేత నేను "నీకేం కాదు" అనిపించుకున్నట్టే అవుతుంది.

గంగే సంగతి చదివాను. ఆమెకు ఏమై ఉంటుందో నాకు తెలియదు. నీకూ తెలియదు. ఇంతకంటే రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

సుధామణి


భోపాల్‌పట్నం
నవంబర్ 5

వదినా,

గంగే దగ్గర్నుంచి జవాబు వచ్చింది. రాయలేదు, మాట్లాడి పంపింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"ఏందక్కా, ఇన్నాళ్లకు యాదికొచ్చిన్నా. మా ఊళ్ల సిగ్నల్ ఉండదు, సంతకొచ్చిననాడే ఫోను చూస్త. నువ్వు మీకేం కాదు అని పెట్టినవు గదా, ఆ దినం మంచిగ అనిపించింది. గాని నువ్వు నన్ను జూడలేదు గదా. జూడనోళ్ల మాటకు ఎట్ల ఊకుంట? తెల్లారి మా మితానిన్‌ను తోలుకొని భద్రాచలం పోయిన. ఒక పక్క తీసేసిండ్రు. మందులు ఎక్కిచ్చిండ్రు, జుట్టంత పోయింది, మళ్ల వస్తంది. ఇప్పుడు వరికోతలు నడుస్తన్నయ్. నేను కొయ్యను, కట్టలు లెక్కపెడత. నీకెట్లుంది, తగ్గిందా?"

మితానిన్ అంటే వాళ్ల ఊరి ఆరోగ్య కార్యకర్త. ఆమె గంగేను తన కళ్లతో చూసింది. అంతే తేడా.

ఒక్కసారి విని ఊరుకున్నానని రాద్దామనుకున్నాను. నువ్వు అసహ్యాన్ని అలసట అని రాయలేదు కాబట్టి నేనూ అబద్ధం రాయను. ఆమె గొంతులో నా మీద కోపం ఏమైనా ఉందా అని పదకొండుసార్లు విన్నాను. దొరకలేదు. పన్నెండోసారికి ఫోన్ అమ్మకు ఇచ్చేశాను. సంతోషం వచ్చిందని చెప్పను. ఆమె బతికింది, అందులో నా పాత్ర ఏమీ లేదు. ఆమె నా మాట నమ్మి ఉంటే చచ్చిపోయేది. ఆ రెండూ నాకు తెలుసు. మిగతా ఆరు వందల పదకొండు మంది సంగతి తెలియదు. అందరికీ ఒక్కొక్కరికే రాస్తానంటే డాక్టరు వద్దన్నాడు. అది మళ్లీ మెడ నొక్కుకోవడంలా తయారవుతుందన్నాడు. చెప్పాల్సింది అందరికీ కలిపి ఒక్కసారి చెప్పమన్నాడు.

ఆదివారం చెప్పాను. రెండు నిమిషాల వీడియో. ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి నేను చూపించిన రిపోర్టులు నిజం కావు, మాస్టారు చెప్పింది నిజమే, అది ఎలా జరిగిందో ఆ ల్యాబులో వాళ్లకు తెలుసు, సరిచేసుకున్నారు అన్నాను. నీ పేరు ఎత్తలేదు. నాకున్న జబ్బు పేరు కూడా చెప్పాను, అది రక్తంలో కనిపించేది కాదని చెప్పాను. మీలో ఎవరికైనా "మీకేం కాదు" అని రాసి ఉంటే అది మిమ్మల్ని చూసి రాసింది కాదు, చూడగలిగేవాళ్ల దగ్గరికి వెళ్లండి అన్నాను. పెట్టిన వెంటనే తీసెయ్యాలనిపించింది. తియ్యలేదు. చాలామంది తిట్టారు. కొందరు వెళ్లిపోయారు. ఒకామె, అయితే నాకేం కాదంటారా అక్కా అని అడిగింది. దానికి ఏమీ రాయకుండా ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాను. వేళ్లు మండుతున్నట్టు ఉంది. కడుక్కోవడానికి లేచాను, మళ్లీ కూర్చున్నాను. గంట తరువాత కడుక్కున్నాను.

భయం ఇంకా ఉంది. గోడ కూడా ఉంది. నిన్న రెండుసార్లే మెడ నొక్కుకున్నాను, ఇవాళ ఏడుసార్లు. ఇలాగే ఉంటుందట.

జనవరి పన్నెండున జగదల్‌పూర్ వస్తాను. పరీక్ష మీ ల్యాబులోనే చేయించుకుంటాను. రక్తం నువ్వు తియ్యి. నీ చెయ్యి నొప్పి తెలియనివ్వదు. సీసాను మాత్రం ఆ కాంకేర్ అమ్మాయికి ఇచ్చేసి నువ్వు బయటికి రా. రిపోర్టు వచ్చేదాకా బెంచీ మీద ఇద్దరం కూర్చుందాం. నిన్ను ఏమీ అడగను.

భవాని